ఒక్క ఏడాది తక్కువ

కిందటి సంచిక వచ్చాక ఇద్దరు ముగ్గురు పాఠకులు ఫోన్ చేశారు. "మీ కంప్యూటర్ కబుర్లు బాగానే ఉన్నాయి గానీ, ఈసారి పిల్లల చదువుల గురించి రాయండి. మెడిసిన్ అంటే పదేళ్ళ పైమాట, సాఫ్ట్‌వేర్ అంటే ఎప్పుడేమవుతుందో తెలీదు. మధ్యేమార్గంగా ఫార్మసీ ఎలా ఉంటుంది?" అని అడిగారు. నాకు మందుల గురించి తెలిసిందల్లా, మన ఊళ్ళో పారాసెటమాల్ అనేదాన్నే ఇక్కడ అసిటమినోఫెన్ అంటారన్నంత వరకే. అయినా ఈ విషయం మీద రాయడానికి నాకో అర్హత ఉంది. మా ఇంట్లో ఒకరు ఫార్మసీ స్కూల్లో చేరి గట్టెక్కారు. పిల్లలు కాదు, మా ఆవిడ.

కథ కొంచెం వెనక నుంచి చెప్పాలి. తను 2004లో గుంటూరు దగ్గర కాలేజీలో నాలుగేళ్ళ బి.ఫార్మసీ పూర్తి చేసింది, ఫస్టు క్లాసులో. 2005లో మా పెళ్ళి. హెచ్-4 వీసా మీద ఇక్కడికి వచ్చింది. సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కనే ఫార్మకాలజీ పుస్తకం కూడా తెచ్చుకుంది. పరీక్షలు రాసి లైసెన్సు తెచ్చుకుంటానని ధీమా.

వేరే దేశంలో ఫార్మసీ చదివినవాళ్ళు ఇక్కడ పనిచెయ్యాలంటే ముందు ఎఫ్.పి.జి.ఇ.సి. అనే సర్టిఫికెట్ సంపాదించాలి. దాన్ని ఇచ్చేది రాష్ట్రాల ఫార్మసీ బోర్డులన్నిటి జాతీయ సంఘం, ఎన్.ఎ.బి.పి. ఆ దరఖాస్తు నింపడానికి కూర్చున్న రోజు ఆ రూలు మా కంట పడింది. 2003 జనవరి 1న గానీ, ఆ తర్వాత గానీ పట్టా పుచ్చుకున్నవాళ్ళు కనీసం ఐదేళ్ళ కోర్సు చదివి ఉండాలి. అంతకు ముందు పాసైనవాళ్ళకు నాలుగేళ్ళు చాలు. తనకంటే రెండేళ్ళు సీనియర్ అయిన అమ్మాయి అదే కాలేజీలో, అవే పుస్తకాలు చదివి, అప్పటికే ఇక్కడ పరీక్ష రాసేసింది. మా ఆవిడకు మాత్రం ఒక్క ఏడాది తక్కువైంది. మన దేశంలో ఆరేళ్ళ ఫార్మ్.డి. కోర్సుకు నిబంధనలు వచ్చిందే 2008లో. అప్పటికి మా పెద్దాడికి ఏడాది వయసు.

ఫార్మకాలజీ పుస్తకం అటక ఎక్కింది. హెచ్-4 మీద ఉద్యోగం చేసే వీలు లేదు. 2015 మే నెలలో కొందరు హెచ్-4 వాళ్ళకు పని చేసుకునే అనుమతి వచ్చాక, తను మా ఇంటి దగ్గర మందుల షాపులో టెక్నీషియన్‌గా చేరింది. ట్రేలో మాత్రలు పోసి, చిన్న గరిటెలాంటి దానితో ఐదేసి చొప్పున లెక్కపెట్టి సీసాలో పొయ్యడం, ఇన్సూరెన్స్ వాళ్ళతో ఫోన్లో మాట్లాడడం, కౌంటర్ దగ్గర నిలబడడం ఆ పనులు. ఒకరోజు రాత్రి అన్నం తింటూ, "ఏవండీ, కౌంటర్ దగ్గర వాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు నాకు తెలుసు. కానీ చెప్పకూడదు, ఫార్మసిస్టునే పిలవాలి" అంది. ఇంకేమీ అనలేదు. తర్వాతి నెలలో కాలేజీల జాబితా ముందేసుకుని కూర్చుంది.

ఇక్కడ పిల్లల కోసం కాస్త వివరంగా చెబుతాను. అమెరికాలో ఫార్మసిస్టు కావాలంటే ఫార్మ్.డి. అనే డాక్టరేటు చదవాలి. హైస్కూలు తర్వాత కనీసం రెండేళ్ళు ప్రీ-ఫార్మసీ, ఆ పైన నాలుగేళ్ళు అసలు చదువు. చాలామంది డిగ్రీ పూర్తి చేసే చేరతారు. హైస్కూలు నుంచే నేరుగా ఆరేళ్ళకు తీసుకునే కాలేజీలూ కొన్ని ఉన్నాయి, సెలవులు తగ్గించి మూడేళ్ళలో ముగించేవీ ఉన్నాయి. ఆర్గానిక్ కెమిస్ట్రీ, అనాటమీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ వగైరా ముందే చదివి ఉండాలి. ఏ కాలేజీ జాబితా దానిదే. మేం చూసిన కాలేజీలు ఇండియా మార్కుల్లో చాలా వాటిని లెక్కలోకి తీసుకోలేదు. దాంతో మా ఆవిడ రెండేళ్ళు సాయంత్రం పూట కమ్యూనిటీ కాలేజీకి వెళ్ళి, తన కంటే పదిహేనేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చుని, ఎప్పుడో చదివిన ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్ళీ చదివింది. ప్రవేశానికి పీక్యాట్ పరీక్ష రాసింది. 2024 జనవరితో ఆ పరీక్ష ఎత్తేశారు కాబట్టి ఇప్పటి పిల్లలకు ఆ బాధ లేదు. ఫార్మ్‌క్యాస్ అనే ఒకే దరఖాస్తుతో చాలా కాలేజీలకు పంపుకోవచ్చు.

2018లో సీటొచ్చింది. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాళ్ళకు ఫెడరల్ లోన్లు ఇవ్వరు. ఇంటి డౌన్ పేమెంటు కోసం దాచిన డబ్బు ఫీజుల్లోకి వెళ్ళింది. నా వంతు సాయం దాంతో అయిపోయిందనుకున్నాను. ఆ వేసవి పిక్నిక్‌లో ఎవరో, "మీ ఆవిడ మళ్ళీ చదువుకుంటోందట కదా?" అని అడిగితే, "అవునండీ, పిల్లలు స్కూలుకి పోతున్నారుగా, ఏదో కాలక్షేపానికి" అన్నాను. రేపు మధ్యలో మానేస్తే నలుగురూ నవ్వుతారన్న భయం నాది. వెనకాలే బజ్జీల పళ్ళెం పట్టుకుని తను నిలబడి ఉందని తర్వాత తెలిసింది.

మొదటి ఏడాది బాగానే నడిచింది. తెల్లకోటు తొడిగే ఉత్సవానికి పిల్లలతో వెళ్ళి ఫోటోలు తీశాం. కారులో మందుల పేర్ల కార్డులు పెట్టుకుని మా ఎనిమిదేళ్ళ పిల్ల ప్రశ్నలు వేసేది. మందు పేరు చివర చూస్తే దాని ఇంటిపేరు తెలుస్తుందట. చివర 'ఓలాల్' ఉంటే బీటా బ్లాకర్, 'ప్రిల్' ఉంటే ఏస్ ఇన్హిబిటర్, 'స్టాటిన్' ఉంటే కొలెస్టరాల్ మందు, 'సార్టాన్' ఉంటే మరో రకం బి.పి. మందు. మా పిల్లకు ఎక్కాల కంటే ముందు ఇవే వచ్చాయి.

రెండో ఏడాది అసలు కథ మొదలైంది. అంతవరకు ఒక్కో మందు గురించి చదివినవాళ్ళు ఇక రోగి గురించి చదవాలి. షుగరూ, బి.పి., కిడ్నీ జబ్బూ కలిసి ఉన్న మనిషికి ఏ మందు ఎంత ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు, ఎందుకు? దీన్ని థెరప్యూటిక్స్ అంటారు. బట్టీ పట్టి నెట్టుకొచ్చే విద్య కాదు. 2019 డిసెంబరులో మా ఆవిడ ఆ పరీక్ష రెండు మార్కుల్లో తప్పింది. జనవరిలో మళ్ళీ రాసుకోవడానికి ఒక్క అవకాశం ఇచ్చారు. అదీ తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి, ఆ ఏడాది ఫీజు మళ్ళీ కట్టాలి.

ఆ సంగతి నాకు మూడు రోజుల దాకా చెప్పలేదు. చెప్పిన రాత్రి నేను మా ఆఫీసు అలవాటు కొద్దీ ప్లాన్ గీయబోయాను. వారానికి ఎన్ని చాప్టర్లు, రోజుకి ఎన్ని పేజీలు అని. తను నా చేతిలోంచి పెన్ను తీసుకుని వేరే బొమ్మ గీసింది.

"మందు వేసుకోగానే రక్తంలో పూర్తి మోతాదుకి చేరదండీ. అందులో సగం ఒంట్లోంచి పోవడానికి పట్టే టైముని హాఫ్ లైఫ్ అంటారు. మందు టైము ప్రకారం వేసుకుంటూ పోతే, ఒక హాఫ్ లైఫ్ గడిచేసరికి చేరాల్సిన మట్టంలో 50 శాతం చేరుతుంది. రెండు గడిస్తే 75, మూడు గడిస్తే 87.5, నాలుగు గడిస్తే 93.75. ఐదు గడిచేసరికి దాదాపు నిలకడగా నిలుస్తుంది. మధ్యలో మానేస్తే అంతా దిగిపోతుంది. నేను వారమంతా వంటా, పిల్లలూ, హోంవర్కులూ చూసుకుని, శనివారం ఒక్కరోజే పద్నాలుగు గంటలు కూర్చుంటున్నాను. వారం డోసంతా ఒకేసారి మింగుతున్నానన్నమాట. అది ఎక్కదు."

లెక్క నాకు వెంటనే అర్థమైంది. అది మా కంప్యూటర్ వాళ్ళ లెక్కే. అర్థం కావలసింది లెక్క కాదు కదా. "అయితే రోజుకి ఎంత టైము కావాలి?" అని అడిగాను. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో నేను ఆ ప్రశ్న అడగడం అదే మొదటిసారి.

"రాత్రి ఏడున్నర నుంచి పది దాకా. ఎవరూ తలుపు కొట్టకూడదు" అంది.

అలా రాత్రి వంట నాకొచ్చింది. మొదటి వారం పప్పులో ఉప్పు లేదు, రెండో వారం ఉప్పులో పప్పు ఉంది. పిల్లలు "అమ్మ పరీక్ష ఎప్పుడైపోతుంది?" అని దిగులుగా అడిగేవారు. క్రిస్మస్ సెలవులకు వెళ్ళాల్సిన ప్రయాణం మానుకున్నాం. జనవరిలో ఆ పరీక్ష పాసైంది. రాత్రి వంట మాత్రం నాకే ఉండిపోయింది.

రెండు నెలలు తిరిగేసరికి కోవిడ్ వచ్చిపడింది. పాఠాలన్నీ కంప్యూటర్‌లోనే. ఒకే ఇంట్లో నలుగురం నాలుగు గదుల్లో హెడ్‌ఫోన్లతో కూర్చున్నాం. అయినా ఏడున్నర అంటే ఏడున్నరే. 2021 వసంతంలో ఫార్మసీ ఇంటర్న్‌ల చేత కూడా టీకాలు వేయించారు. ఒకప్పుడు కౌంటర్ దగ్గర నోరు విప్పకూడని మనిషి, రోజంతా నిలబడి జనానికి టీకాలు వేసి, ధైర్యం చెప్పి ఇంటికొచ్చేది.

చివరి ఏడాదంతా రొటేషన్లే. ఆసుపత్రుల్లో, షాపుల్లో, క్లినిక్కుల్లో కనీసం 1,440 గంటలు పనిచెయ్యాలి. అప్పుడు జరిగింది ఒకటి చెబుతాను. కొడుకు దగ్గరికి వచ్చిన ఒక తెలుగు పెద్దావిడ షాపులో కుర్చీలో కూర్చుని, "లేస్తే కళ్ళు తిరుగుతున్నాయమ్మా" అంది. ఇంగ్లీషు రాదు. మా ఆవిడ పక్కన కూర్చుని, "పెద్దమ్మగారూ, మీరు వేసుకునే మందులన్నీ చెప్పండి, ఊరి నుంచి తెచ్చుకున్నవి కూడా" అని అడిగింది. ఆవిడ చేతిసంచీలోంచి డబ్బా తీసింది. ఇక్కడి డాక్టరు రాసిన లోసార్టాన్‌తో పాటు ఊరి నుంచి తెచ్చుకున్న టెల్మిసార్టాన్ కూడా రోజూ వేసుకుంటోంది. పేర్లు వేరు, రంగులు వేరు కాబట్టి వేరు వేరు మందులనుకుంది. ఇంటిపేరు ఒకటే! రెండూ కలిస్తే బి.పి. మరీ పడిపోవచ్చు, రక్తంలో పొటాషియం పెరగవచ్చు, కిడ్నీలకూ ప్రమాదం. తను వెంటనే పై ఫార్మసిస్టుకు చెప్పడం, ఆయన డాక్టరుకు ఫోన్ చెయ్యడం, ఒక మందు ఆపించడం జరిగాయి. ఆ రాత్రి ఇంటికొచ్చి మా పిల్లతో, "నీ కార్డులు పనికొచ్చాయే" అంది.

మనలో చాలామంది అమ్మానాన్నలు ఊరి నుంచి ఆరు నెలల మందులు తెచ్చుకుంటారు. దయచేసి ఒకసారి ఆ డబ్బాలన్నీ మీ ఫార్మసిస్టుకు చూపించండి.

2022 మేలో పట్టా వచ్చింది. ఆ తర్వాత నాప్లెక్స్ అనే జాతీయ పరీక్ష, ఆరు గంటల్లో 225 ప్రశ్నలు. మందుల చట్టాల మీద మరో పరీక్ష. రెండూ మొదటిసారే పాసైంది. ఆసుపత్రుల్లో క్లినికల్ ఉద్యోగాలకు చాలా చోట్ల మరో ఏడాది రెసిడెన్సీ అడుగుతారు. మా ఆవిడ మాత్రం కౌంటరే కావాలంది.

ఇక అడిగిన పిల్లలకు, తల్లిదండ్రులకు నా నాలుగు ముక్కలు. 2000 ప్రాంతంలో దేశమంతా ఎనభై చిల్లర ఫార్మసీ కాలేజీలుంటే ఇప్పుడు 140 దాకా ఉన్నాయి. చేరేవాళ్ళు మాత్రం కిందటి పదేళ్ళలో తగ్గారు. కాబట్టి సీటు దొరకడం తేలికైంది, గట్టెక్కడం కాదు. కాలేజీ భవనాలు చూసి మోసపోకండి. ఏ కాలేజీ పిల్లలు నాప్లెక్స్ మొదటిసారి ఎంత శాతం పాసవుతున్నారో ఎన్.ఎ.బి.పి. ఏటా బయటపెడుతుంది. నాలుగేళ్ళలో ఎంతమంది పూర్తి చేస్తున్నారో కాలేజీలే చెప్పాలి. ఆ రెండు అంకెలూ చూశాకే ఫీజు కట్టండి. చేరేముందు ఒక వేసవి మందుల షాపులో టెక్నీషియన్‌గా పనిచెయ్యండి. రోజంతా నిలబడడం, విసుక్కునే మనుషులతో ఓపిగ్గా మాట్లాడడం మీకు పడతాయో లేదో అక్కడే తెలుస్తుంది. చేరాక ఒక్క పరీక్ష తప్పితే ఆ రోజే ఇంట్లో చెప్పండి. ఆ మాట చెప్పగలిగేలా ఇంటిని ఉంచడం పెద్దవాళ్ళ పని.

మొన్న ఉగాది భోజనాల దగ్గర కొత్తగా వచ్చిన ఒకాయన, "మీ ఇంటావిడ ఏం చేస్తారండీ?" అని అడిగారు. "ఫార్మసిస్టండీ" అన్నాను. ఏ స్కూలు, ఎన్నేళ్ళు చదివింది, ఎన్ని గంటలు పనిచేసింది, అన్నీ ఏకరువు పెట్టాను. ఆయన పులిహోర పూర్తయింది గానీ నా వర్ణన పూర్తవలేదు.

పక్కనే ఉన్న మా ఆవిడ నవ్వు ఆపుకుంటూ, "ఏదో కాలక్షేపానికి లెండి" అంది.