బండి నడపడానికే బాగు చేయించుకుందాం



మొన్న కార్యవర్గ సమావేశంలో పాత మోటారు సైకిళ్ల సంగతి వచ్చినప్పుడు నేను పెద్దగా మాట్లాడలేదు. ఉగాది నాడు సంఘం ఆవరణలో పాత బండ్లన్నీ వరసగా నిలబెట్టి ప్రదర్శన పెడదామన్నారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం హైవే మీద రంభ దాకా ఊరేగింపుగా వెళ్లొద్దామన్నారు. మన కుర్రాళ్ల ఉత్సాహం చూస్తే సంతోషం వేసింది. పద్ధతి మాత్రం నాకు నచ్చలేదు. అక్కడే చెబితే పోట్లాటలా ఉంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను. కాస్త పొడవు, టీ పెట్టుకుని చదవండి.

మా నాన్నగారి బుల్లెట్ మీలో చాలామందికి తెలుసు. 1972లో కొన్నారు. ఆయన రంభలో ఉంటూ రోడ్డు పనులకు చిన్న చిన్న కాంట్రాక్టులు చేసేవారు. ఛత్రపురం కలెక్టరేటు, బరంపురంలో సామాన్ల కొట్లు, అటు బాలుగావ్, పండగలకు ఇచ్ఛాపురంలో మా మేనత్త ఇల్లు, అన్నిటికీ అదే బండి. ట్యాంకు మీద నేను, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో చెల్లెలు. హెల్మెట్ అన్న మాటే మా ఇంట్లో తెలియని రోజులవి.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఎవరింటిదో రేకు ఎగిరొచ్చి బండి మీద పడింది. ట్యాంకుకు కుడివైపు అరచేయంత సొట్ట. తీయించేద్దామని అంటే నాన్నగారు ఒప్పుకోలేదు. "ఇళ్లకు ఇళ్లే పోయినవాళ్లున్నార్రా. మనకు సొట్టతో పోయింది. ఉండనీ" అన్నారు. ఆయన పోయాక బండి వసారాలో నిలబడిపోయింది. చిలికా గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి రిమ్ములు, చువ్వలు, సైలెన్సరు అన్నీ తుప్పు పట్టాయి.

2022లో బండికి యాభై ఏళ్లు నిండాయి. బాగు చేయించాలనిపించి, ఒక పెద్ద నగరంలోని వర్క్‌షాపుకు లారీలో పంపాను. "కొత్తదానిలా చేసేయండి" అని చెప్పాను. నాలుగు నెలలకు వచ్చింది. అద్దంలో చూసుకున్నట్టు ముఖం కనిపిస్తోంది. వీధిలో పిల్లలందరూ చుట్టూ మూగారు. అమ్మ బయటికొచ్చి ట్యాంకు కుడివైపు చేత్తో తడిమింది. సొట్ట లేదు. "ఇదెవరి బండిరా?" అంది.

వర్క్‌షాపు వాళ్లది తప్పనను. కొత్తదానిలా చేయమన్నది నేను. వాళ్లు అదే చేశారు. కానీ మూడో రోజుకు బండి స్టార్టు కావడం మానేసింది. కిక్కు కొట్టి కొట్టి మోకాలు పట్టేసింది.

చివరికి బరంపురంలో డెబ్బై దాటిన ఒక మిస్త్రీ గారి దగ్గరకు తోసుకుంటూ తీసుకెళ్లాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "బాబూ, దీన్ని చూసుకోడానికి చేయించారా, నడపడానికా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమంతా ఆ ప్రశ్నకు ఆలస్యంగా చెబుతున్న జవాబే అనుకోండి.

ఆయన చేసిన పని పైకేమీ కనిపించదు. పాయింట్ల మధ్య సందు సరిచేశారు. కార్బురేటరు విప్పి జెట్లు కడిగారు. పాత రబ్బరు పైపులు తీసేసి కొత్తవి వేశారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి కిక్కు కొట్టడం నేర్పారు. ముందు ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్కు మెల్లగా కదపాలి. డీకంప్రెషన్ లివరు నొక్కి ఇంకొంచెం కిందికి దించాలి. లివరు వదిలి, కిక్కు పైకి రానిచ్చి, అప్పుడు ఒక్క దెబ్బ. బలంతో పని లేదు. నాన్నగారు చెప్పులతోనే స్టార్టు చేసేవారంటే ఎలాగో అప్పుడు అర్థమైంది. ఆ దుకాణంలో నేర్చుకునే కుర్రవాడు ఒక్కడూ లేడు. "ఇప్పటి బండ్లకు కంప్యూటరు పెట్టి చూస్తారు బాబూ, పాయింట్లు ఎవరిక్కావాలి?" అన్నారు.

నా భయమంతా ఇక్కడే. మనం బండ్లను కాపాడుతున్నామని అనుకుంటూ వాటిని బొమ్మలు చేస్తున్నాం. ఏడాదికోసారి తుడిచి నిలబెట్టే బండికి మిస్త్రీతో పనుండదు, పెయింటరు చాలు. నడిచే బండికే మిస్త్రీ కావాలి. పని తగ్గేకొద్దీ ఆయన దుకాణం మూసేస్తారు, ఆ విద్య ఆయనతోనే పోతుంది. అప్పుడు మన షెడ్లలో ఎన్ని బండ్లు మెరిసినా స్టార్టు చేయగలిగేవాడు దొరకడు.

మన ఊళ్లో మిగిలిన బండ్లు ఒక్కసారి గుర్తు చేసుకోండి. బుల్లెట్ మద్రాసు బండి. సైన్యం ఆర్డరు ఇచ్చాక 1955లో మద్రాసులో కంపెనీ పెట్టారు, తర్వాత తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారయ్యేది. మన గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కనుక, మన పెద్దలకు మద్రాసు సరుకంటే ఇంటి సరుకే. జావా, ఆ తర్వాత యెజ్డీ మైసూరువి. కిక్కు రాడ్డే వంచితే గేరు రాడ్డు అయ్యే బండి, ఒక్క సిలిండరుకు రెండు సైలెన్సర్లు. ఆ ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. రాజ్‌దూత్ 175 పోలండ్ బండి నమూనా మీద ఎస్కార్ట్స్ వాళ్లు చేసింది. పల్లె దారుల్లో పాల క్యాన్లు మోసింది అదే. బుల్లెట్‌కు ఇవాళ్టికీ సామాన్లు దొరుకుతాయి. యెజ్డీకీ రాజ్‌దూత్‌కూ చేయి తిరిగిన మిస్త్రీయే దిక్కు.

ఇక నడపడం గురించి. మిస్త్రీ గారు బాగు చేశాక, జనవరిలో ఒక ఆదివారం తెల్లవారి బరంపురంలో బయల్దేరాను. ఛత్రపురం దాటి, గంజాం దగ్గర ఋషికుల్య వంతెన ఎక్కేసరికి పొగమంచు ఇంకా విడలేదు. హుమ్మా ఉప్పు మళ్ల దగ్గర ఆపి టీ తాగాను. అక్కణ్ణించి ఎడమవైపు కొండలు దగ్గరవుతాయి, కుడివైపు నీళ్లు కనిపించడం మొదలవుతుంది. యాభై కిలోమీటర్ల దారికి రెండు గంటలు పట్టింది. కారులో ఈ దారిన వందలసార్లు తిరిగి ఉంటాను. ఉప్పు మళ్ల వాసన, ఎండుచేపల వాసన, తడి గడ్డి వాసన వేరువేరుగా తెలిసింది మాత్రం ఆ రోజే. రంభలో ఇంటి ముందు ఆపగానే అమ్మ తలుపు తీసింది. ఈసారి ఎవరి బండని అడగలేదు. "శబ్దం మీ నాన్న వచ్చినట్టే ఉందిరా" అంది.

సొట్ట పోయింది, తిరిగి రాదు. శబ్దం మాత్రం మిగిలింది. మిగిల్చింది మిస్త్రీ గారు.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. సమావేశంలోనే ఒకరిద్దరు అన్నారు కూడా.

మొదటిది పొగ. చిలికా 1981 నుంచి రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు ఉన్న సరస్సు. దాని ఒడ్డున టూ స్ట్రోక్ బండ్లు పొగ వదులుతూ తిరగడం ఏం మర్యాద అని అడిగారు. న్యాయమైన మాట. అందుకే యాభై బండ్ల ఊరేగింపు వద్దంటున్నాను. పది పన్నెండు చాలు. యెజ్డీ, రాజ్‌దూత్ ఉన్నవాళ్లు పెట్రోల్లో ఆయిల్ కొలిచి కలపండి, అందాజాగా పోయకండి. కాలుష్య తనిఖీ కాగితం లేని బండి రాకూడదు. సైలెన్సరు మార్చి డబడబలాడించే బండిని అసలే రానివ్వకూడదు. అది చట్టానికీ విరుద్ధం, ఒడ్డున ఉన్న పక్షులకూ పల్లెల్లో ముసలివాళ్లకూ బాధ.

రెండోది ప్రమాదం. ఇది ఇంకా నిజం. ఆ హైవే నాలుగు లైన్ల రోడ్డు, లారీలు ఆగవు. మన బండ్లవి డ్రమ్ము బ్రేకులు, ఆరు వోల్టుల లైటు. పాత బుల్లెట్‌కు గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. కొత్త బండి అలవాటున్న కుర్రవాడు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతాడు. కాబట్టి చీకటి పడ్డాక ప్రయాణం వద్దు. గంటకు యాభై దాటొద్దు. పోటీలు, పక్కపక్కన నడపడం, ఫోనులో వీడియోలు వద్దు. హెల్మెట్ ఇద్దరికీ ఉండాలి. రంభ చేరాక హైవే వదిలేసి ఖల్లికోట వైపు, నిర్మలఝర్ దాకా లోపలి దారిలో వెళదాం. ఈ బండ్లు పుట్టింది అలాంటి దారులకే.

మూడోది, ఇది డబ్బున్నవాళ్ల సరదా కదా అన్నది. మెరిపించడానికి నేను వర్క్‌షాపుకు ఇచ్చిన డబ్బులో పదో వంతు కూడా మిస్త్రీ గారికి కాలేదు. డబ్బు తినేది మెరుపు. నడిచేలా ఉంచుకోవడానికి పెద్దగా కాదు. మామూలు జీతగాళ్ల ఇళ్లలోనూ తాతగారి బండ్లు మూలన పడి ఉన్నాయి. అవే ముందు రావాలి.

కాగితాల విషయం కూడా చెప్పాలి. 2021 జులైలో కేంద్రం నిబంధనలు సవరించింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి యాభై ఏళ్లు దాటి, ఛాసిస్, ఇంజను పెద్దగా మార్చని బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత పొడిగింపుకు 5,000. కానీ ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పెట్రోలు, మరమ్మతు లాంటి వాటికే రోడ్డెక్కాలి. మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న బండికైతే పదిహేనేళ్ల తర్వాత ఐదేళ్లకోసారి తనిఖీ చేయించి పొడిగించుకోవాలి. ఆఫీసు చుట్టూ తిరగాలి, నిజమే. అయినా నేను మామూలు దారే ఎంచుకున్నాను. అమ్మకు మందులు తేవడానికి కూడా ఆ బండి మీద వెళ్లాలని నా ఆశ. మీ బండికి ఏది తగునో మీరు ఆలోచించుకోండి. వింటేజ్ ముద్ర గొప్పగా ఉంటుందని మాత్రం తొందరపడకండి.

ఇంకో చిన్న జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్. అది నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరును పాడు చేస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండి ట్యాంకులో అలా వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. పైపులు, వాషర్లు మార్పించుకోండి. నడపని రోజుల్లో ట్యాంకు, కార్బురేటరు ఖాళీ చేయండి. అన్నిటికంటే మంచిది వారానికోసారి నడపడం.

ఇదీ నా ప్రతిపాదన. ఉగాది ప్రదర్శన మానేద్దాం. ఉగాది నాటికి ఎండ ముదురుతుంది, మధ్యాహ్నం రోడ్డు మీద పాత ఇంజన్లు కాగిపోతాయి. వలస వచ్చిన పక్షులు కూడా చాలావరకు వెళ్లిపోతాయి. సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం పెట్టుకుందాం. తెల్లవారగానే సంఘం దగ్గర బయల్దేరి, హుమ్మాలో టీ, రంభలో ఉప్మా. మా ఇంట్లోనే చేయిస్తాను, అమ్మ ఇప్పటికే ఒప్పుకుంది. మధ్యాహ్నం మూడుకల్లా తిరుగు ప్రయాణం.

మిస్త్రీ గారిని మనతో తీసుకెళదాం. ఊరికే కాదు, రోజు కూలికి రెండింతలు ఇచ్చి, నా బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళతాను. రంభలో ఒడ్డున చెట్టు కింద రెండు గంటలు ఆయనకు వదిలేద్దాం. మన పిల్లలు ప్లగ్గు విప్పి తుడవడం, పాయింట్లు సరిచేయడం, చైను బిగించడం ఆయన చేతి కింద నేర్చుకుంటారు. ఇద్దరు కుర్రాళ్లు నెలకు రెండు ఆదివారాలు ఆయన దుకాణంలో కూర్చోడానికి ఒప్పుకుంటే, వాళ్ల దారి ఖర్చులు, ఆయన గురుదక్షిణ సంఘం భరించాలి. ప్రదర్శనకు షామియానా, మైకు, ఫ్లెక్సీలకు అనుకున్న డబ్బు దీనికి సరిపోతుంది.

తాతగారి బండి ఉన్నవాళ్లు తాతగారు ఓపికగా ఉంటే ఆయన్నే వెనక కూర్చోబెట్టుకు రండి. మోటారు సైకిలు ఎక్కలేరంటే కారులో రంభకు తీసుకురండి, అక్కడ శబ్దం వింటారు. సొట్టలు, గీతలు, వెలిసిన రంగు అలాగే ఉండనివ్వండి. నేను చేసిన తప్పు మీరు చేయకండి.

వచ్చే సమావేశంలో ఈ విషయం మళ్లీ పెట్టమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. కాదనేవాళ్లు కాదనండి, కారణం చెప్పండి. ఔననేవాళ్లు ముందు మీ వసారాలో బండి మీద కప్పిన గుడ్డ తీసి, కిక్కు కొట్టి చూడండి. స్టార్టు కాకపోతే నాకు ఫోను చేయండి. మిస్త్రీ గారి దుకాణానికి ఇద్దరం కలిసి తోసుకెళదాం.