ఆకాశాల్లో జీవులున్నారా?

భూమికి ఆవల బుద్ధిజీవులు ఉన్నారా? ఉంటే మన విశ్వాసం ఏమవుతుంది? బంటుమిల్లి వంటి ఊళ్ళలో సైతం ఫోన్లలో వీడియోలు చూసే పిల్లలు ఈ ప్రశ్న అడుగుతున్నారు. కసిరి నోరు మూయిస్తే వారు సమాధానం మరోచోట వెదుక్కుంటారు.

ముందుగా మన నేల మీద జరిగిన ఒక పరిశోధనను చూద్దాం. 2005 ఏప్రిల్‌లో హైదరాబాదు నుండి ఇస్రో ఒక భారీ బెలూన్‌ను ఎగురవేసి, 20 నుండి 41 కిలోమీటర్ల ఎత్తులోని గాలిని సేకరించింది. హైదరాబాదు సి.సి.ఎం.బి., పుణె ఎన్.సి.సి.ఎస్. శాస్త్రజ్ఞులు ఆ గాలిని పరీక్షించగా 12 బాక్టీరియా కాలనీలు, 6 శిలీంధ్ర కాలనీలు కనిపించాయి. వాటిలో మూడు బాక్టీరియాలు అంతవరకు ఎవరూ ఎరుగని జాతులు. అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకోగలవి. అయినా 2009లో ఫలితాలు ప్రకటిస్తూ, ఇవి భూమికి వెలుపలి నుండి వచ్చాయని నిర్ధారణ కాలేదని ఇస్రో స్పష్టం చేసింది. తెలిసినంతే చెప్పడం విద్యకు శోభ.

సూక్ష్మజీవి వేరు, ఆలోచించే జీవి వేరు. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు ఐదు వేలకు పైగా బయటపడినా, ఏ ఒక్కదానిలోనూ జీవం రుజువు కాలేదు. సూర్యుని తరువాత మనకు అత్యంత సమీప నక్షత్రానికి సందేశం పంపినా, జవాబు రావడానికి ఎనిమిదేళ్ళకు పైగా పడుతుంది.

మరి విశ్వాసం సంగతి? మానవుడొక్కడే బుద్ధిజీవి అని ముస్లిం ఏనాడూ భావించలేదు. దైవదూతలను, జిన్నులను అతడు విశ్వసిస్తాడు. అల్లాహ్ ఆకాశాలలోనూ భూమిలోనూ ప్రాణులను వ్యాపింపజేశాడని, తాను కోరినప్పుడు వాటిని సమీకరించగలడని దివ్య ఖుర్ఆన్ (42:29) తెలుపుతున్నది. ఆ ప్రాణులెవరో, ఏ లోకాలవారో అక్కడ వివరించలేదు. కనుక గ్రహాంతరవాసులు ఖుర్ఆన్ ద్వారా రుజువయ్యారనడం ఎంత తొందరపాటో, వారు ఉండనే ఉండరని ధర్మం పేరిట శాసించడమూ అంతే తొందరపాటు. జిన్నులే గ్రహాంతరవాసులన్న ప్రచారానికీ ఆధారం లేదు. తెలియని దాని వెంట పడవద్దన్న హెచ్చరిక కూడా ఆ గ్రంథంలోనిదే (17:36).

తల్లిదండ్రులారా! మీ బిడ్డ అడిగితే ఇలా చెప్పండి: "ఇంకా తెలియదు బాబూ. రేపు ఎవరైనా కనబడితే, వారూ మనల్ని సృష్టించిన ప్రభువు దాసులే. నీవు బాగా చదువుకుని వెదుకు." ఈ మాట అతని విశ్వాసాన్నీ కాపాడుతుంది, జిజ్ఞాసనూ కాపాడుతుంది.