యంత్రము మనది, పటము పరులదా?

ధనమిచ్చి కొన్నవాడు యంత్రమునకు యజమాని యని లోకము చెప్పును. కాని దాని మూత తెఱచి, ఏ భాగము ఏ మార్గమున దేనితో కలిసియున్నదో చెప్పజాలనివాడు నామమాత్రపు యజమాని. ఇది వేదాంతము కాదు. లాలాపేటలో నివసించు నొక యువకుని యుద్యోగము ఈ భేదము మూలముననే పోయినది.

ఆతడు తార్నాక ప్రాంతమునందలి యొక సంస్థలో కాంట్రాక్టు పద్ధతిపై సర్వరులను కనిపెట్టియుండువాడు. ఒక రాత్రి, మూడవ బస్సుపైనున్న నెట్‌వర్కు కార్డు చెడినదని యంత్రము తన దినచర్యలో వ్రాసికొన్నది. ఆతడు సర్వరును నిలిపి, మూత తీసి, ‘3’ అని ముద్రించియున్న స్లాటులోని కార్డును పెఱికి క్రొత్తదానిని పెట్టెను. అది చెడిన కార్డు కాదు. అచ్చముగా దానినే పోలియుండి, యంత్రమును డిస్కుల భాండారముతో కలుపు మఱియొక కార్డు. తెల్లవాఱునప్పటికి భాండారము కనబడలేదు. కారణము తెలియుటకు రెండు దినములు పట్టెను. మూడవ దినమున ‘అజాగ్రత్త’ యను కారణముతో తొలగింపు పత్రము వచ్చెను. దానిని పట్టుకొని యాతడు నాయొద్దకు వచ్చినాడు. నేను న్యాయవాదిని, అంతకుముందు సర్వరు మూత తీసి యెఱుగను. ఆతని పక్షమున వాదించుటకై నేర్చుకొనక తప్పలేదు. నేర్చుకొన్నది పాఠకుల ముందుంచుచున్నాను.

బస్సు అనగా యంత్రము లోపల ప్రాసెసరునకును కార్డులకును నడుమ సమాచారము ప్రయాణము చేయు మార్గము. లాటినులో ‘అందఱికొఱకు’ అను నర్థముగల ‘ఆమ్నిబస్’ అను మాటనుండి యీ పేరు పుట్టినది. 1988 నాటి ఈఐఎస్ఏ పద్ధతిలో స్లాటు సంఖ్యయే కార్డు చిరునామాలో మొదటి యంకెగా నుండెడిది. 1992లో వెలువడిన పీసీఐ పద్ధతిలో పెక్కు స్లాటులు ఒకే బస్సును పంచుకొనెడివి. 2003 ప్రాంతమున వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో ప్రతి స్లాటునకును ప్రత్యేకముగా నొక బాట యేర్పడినది. స్లాటు వెనుక నొక ద్వారము; ఆ ద్వారమునకు ఆవల నొక బస్సు సంఖ్య. ఈ సంఖ్య నెవరు వేయుదురు? యంత్రము మేల్కొనునప్పుడెల్ల దానిలోని ఫర్మ్‌వేరు ద్వారములను వరుసగా తట్టి, కనబడిన క్రమమున సంఖ్యలు వేయును. మదర్‌బోర్డుపై స్లాటు ప్రక్కనుండు సంఖ్యయో, కర్మాగారమున ముద్రించినది. ఈ రెండింటికిని చుట్టఱికము లేదు. తనలో వంతెనను దాచుకొన్న కార్డు నొకదానిని నడుమ చేర్చినచో, తరువాతి బస్సు సంఖ్యలన్నియు జరిగిపోవచ్చును.

హైదరాబాదు పాఠకులకు దీనిని బోధించుట కష్టము కాదు. మన యింటి సంఖ్యలో మూడు భాగములు కలవు: వార్డు, బ్లాకు, ఇల్లు. యంత్రములోని చిరునామాలోను ముఖ్యభాగములు మూడే: బస్సు, డివైసు, ఫంక్షను. ఒక వరుసలో 256 బస్సులు, బస్సునకు 32 డివైసులు, డివైసునకు 8 ఫంక్షనులు వఱకు ఉండవచ్చును. ఇంటి సంఖ్యను వేసినది పురపాలక సంఘము. ఆ యిల్లున్న భూమికి సర్వే నంబరు వేసినది రెవెన్యూ శాఖ. ఈ రెండును ఒకటే యనుకొని దస్తావేజు వ్రాసిన లేఖరి తప్పు చేసినవాడే. కాని రెండింటిని కలుపు పటమును వాని కీయక, తప్పు జరిగిన పిమ్మట వానిని మాత్రమే దండించుట న్యాయమా?

దస్తావేజులో విస్తీర్ణమునకును సరిహద్దులకును వైరుధ్యము వచ్చినప్పుడు, సాధారణముగా సరిహద్దులే ప్రమాణమని న్యాయస్థానములు చెప్పును. యంత్రమునందును అంతే. మాఱు బస్సు సంఖ్యను విడిచి, కదలని ద్వారమును పట్టుకొనవలెను. లినక్సులో ఎల్ఎస్‌పీసీఐ అను నాజ్ఞ ద్వారములను, వాని క్రిందనున్న కార్డులను వృక్షాకారమున చూపును. డీఎంఐడీకోడ్ అను నాజ్ఞ తయారీదారు లోపల వ్రాసియుంచిన స్లాటుల పట్టికను చదివి, స్లాటు పేరును దాని బస్సు చిరునామాను చెప్పును. కాని యా పట్టికను నింపువాడు తయారీదారే. శ్రద్ధతో నింపెనా, సత్యము. పాత నమూనానుండి నకలు చేసి వదలెనా, అసత్యము. కావున రెండవ సాక్షి కావలెను. ఈథ్‌టూల్ అను నాజ్ఞచే నెట్‌వర్కు కార్డు దీపమును మినుకుమనిపించి కంటితో చూడవచ్చును. అంతకంటె మేలైనది, యంత్రము వచ్చిన దినముననే, దానిని నిలిపి నడుపుచు, గుర్తెఱిగిన కార్డు నొకదానిని ఒక్కొక్క స్లాటున పెట్టి, కనబడిన ద్వారమును కాగితముపై వ్రాసికొనుట. ఇది ఒక పూట పని.

ఆ యువకుని విషయమున మేము చేసినదియు ఇదియే. సంస్థవారి సమక్షమున మూత తెఱచి పరీక్షింపగా, మూడవ బస్సు ‘5’ అని ముద్రించిన స్లాటున తేలినది. తయారీదారు పట్టికలో ఆ స్లాటు పేరే లేదు. తొలగింపు పత్రమును వారు వెనుకకు తీసికొనిరి. న్యాయము జరిగినది, కాని యిట్టి పత్రమును న్యాయవాదియొద్దకు తెచ్చు స్తోమత యెందఱికి గలదు?

నష్టము ఒక్క కార్మికునితో పోవునది కాదు. రెండు ప్రాసెసరులకు చోటున్న సర్వరులో స్లాటులు ఆ రెండింటి నడుమ పంపకమై యుండును. ఒకే ప్రాసెసరుతో కొన్నచో, రెండవదాని వంతు స్లాటులు కంటికి కనబడునుగాని వానికి ప్రాణముండదు. పదునాఱు బాటల పొడవుగల స్లాటులో నిజముగా నాలుగే బాటలుండవచ్చును. మూడవ తరపు పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఒక్కొక్క బాటపై సెకనుకు సుమారు 1 గిగాబైటు నడచును. ఎనిమిది బాటల కార్డును నాలుగు బాటల స్లాటున పెట్టినచో సగము శక్తి వ్యర్థము. యంత్రము మొఱపెట్టదు, లెక్కలు తనిఖీచేయువారికి తెలియదు. ప్రజాధనము మాత్రము పోవును.

ఈ విద్య మనకు క్రొత్త కాదు. లాలాపేటకు దూరము కాని ఈసీఐఎల్ 1967లో స్థాపితమైనది. అక్కడ తయారైన టీడీసీ-12 కంప్యూటరు 1969లో వెలువడినది. 1978లో ఐబీఎం దేశమును విడిచిపోగా, ఆ కంపెనీ యంత్రములను నిలిపి నడిపినది 1975లో ప్రభుత్వము స్థాపించిన సీఎంసీ సంస్థ. యంత్రములు పరదేశపువి, తెఱచి బాగుచేసిన చేతులు మనవి. ఆ సంస్థ 2001లో ప్రభుత్వము చేతినుండి జారి, 2015లో టీసీఎస్‌లో లీనమైనది. సంస్థతోపాటు, యంత్రము లోపల ఏమున్నదో మనము తెలిసికొనవలెనను పట్టుదలయు సడలినట్లున్నది. 2024లో సీడాక్ వారి పరమ్ రుద్ర సూపర్ కంప్యూటరులు జాతికి అంకితమైనవి. సర్వరు స్వదేశమున రూపొందినను, ప్రాసెసరు ఇంకను విదేశీయమే. అట్టిచో కనీసము పటమైనను మన చేత నుండవలదా?

పటము గ్రంథములో నున్నదని కంపెనీలు చెప్పును. కొన్ని కంపెనీలు చక్కగానే ప్రకటించుచున్నవి, వారికి కృతజ్ఞతలు. కాని తఱచు అది ఆంగ్లమున, వందలకొలది పుటల నడుమ మఱుగుపడి యుండును. కంపెనీ మనిషి వచ్చి చూచును గదా, మనవానికి ఈ జ్ఞానమేల యని విద్యావంతులు కొందఱు ప్రశ్నింతురు. ఆ మనిషి వచ్చులోపల అర్ధరాత్రి మూత తెఱచువాడు మనవాడే. వానికి జ్ఞానము అక్కఱలేదనువారు, వానిపై నేరము మోపుటకును అర్హులు కారు.

1906లో ఈ హైదరాబాదుననే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి వెలసి, శాస్త్రవిషయములను తెనుగున ప్రకటింప బూనుకొన్నది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలయుటకు ముందే, పాఠ్యగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చుటకై 1917లో అనువాద శాఖ యేర్పడినది. వారు మహాశాస్త్రములకే పూనుకొన్నారు. మనము ఒక్క స్లాటుల పట్టికను తెనుగున వ్రాసికొనలేమా?

మేము కోరునవి మూడు. ప్రజాధనముతో కొను ప్రతి సర్వరు టెండరులోను, ఏ స్లాటు ఏ ప్రాసెసరునకు, ఏ ద్వారమునకు, ఎన్ని బాటలతో చెందునో తెలుపు పట్టికను విధిగా అడుగవలెను. యంత్రము వచ్చిన దినముననే దానిని పరీక్షించి, సరిదిద్ది, తెనుగున వ్రాసి మూత లోపల అంటింపవలెను. అట్టి పటమును చేతికీయని యజమాని, పటము లేనందున జరిగిన పొరపాటునకు కార్మికుని దండింపరాదు.

వీనికి శాసనము అక్కఱలేదు. ఒక కాగితము, ఒక పూట శ్రమ, కొంచెము ఆత్మగౌరవము చాలును. తార్నాక చుట్టునున్న విశ్వవిద్యాలయ విభాగములు, ప్రయోగశాలలు ముందడుగు వేసినచో తక్కినవారు అనుసరింతురు. ఈ పత్రికను పఠనమందిరమున చదువు సోదరులలో సర్వరు గది తాళము చేతనున్నవా రెందఱో కలరు. రేపటి దినముననే ఆ మూత తెఱచి, ఆ పట్టికను వ్రాయుడు.