పెట్టె మీది బొమ్మ, పెట్టెలోని బొమ్మ

ఈసారి వంటల గురించి కాదు, అత్తాకోడళ్ల గురించి అంతకంటే కాదు. బొమ్మల గురించి. మన కొలువులో పెట్టే బొమ్మలు కావు, అరచేతిలో అరడజను పట్టే ప్లాస్టిక్ సైనికులు. వాటిని బల్ల మీద బారులు తీర్చి, టేపుతో దూరాలు కొలుచుకుంటూ, పాచికలు వేసుకుంటూ ఆడే యుద్ధం ఆట ఒకటుంది. పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో పెరుగుతున్న ఇళ్లలో వార్‌హామర్ అన్న పేరు ఈపాటికి వినే ఉంటారు. మా తెలుగువాళ్ల కలయికల్లో తల్లులు నన్ను పక్కకి పిలిచి అడిగేది ఒకటే. "ఇంత చిన్న పెట్టెకి అంత డబ్బా? కొనాలా, వద్దా?"

కొనమనే అంటాను. అయితే చూసి కొనండి. ఆ చూడడమేదో పిల్లాడికో, వాళ్ల నాన్నకో వదిలెయ్యకండి. "నాకవేం తెలుస్తాయి" అని తప్పుకుంటే కుదరదు. చీర కొనేటప్పుడు పైట కొంగు తిప్పి వెనక దారాలు చూసే కన్ను మనది. ఆ కన్నుకి ఈ బొమ్మలేమంత కొత్తవి కావు.

మేముండేది నాటింగ్‌హామ్‌లో. ఈ వార్‌హామర్‌కి పుట్టిల్లు కాకపోయినా మెట్టినిల్లు ఈ ఊరే. దాన్ని తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో మొదలైంది, ఇప్పుడు కార్యాలయం, ఫ్యాక్టరీ, చూడ్డానికొచ్చేవాళ్ల కోసం ఒక ప్రదర్శనశాల అన్నీ ఇక్కడే. ఆట మొదట వచ్చింది 1983లో. మా పద్నాలుగేళ్లవాడు ఆడేది 1987లో వచ్చిన వార్‌హామర్ 40,000, అంటే వేల ఏళ్ల తర్వాతి యుద్ధాలన్నమాట. ఇల్లు గడిచేది మా ఆయన ఒక్క జీతం మీద. నెలనెలా తెనాలికి మందుల డబ్బు పంపాలి. ఆ లెక్కలో ఈ పెట్టెలకి చోటు చూడాల్సింది నేనే.

మొట్టమొదట తెలుసుకోవాల్సిందేమిటంటే, పెట్టె మీద కనిపించే బొమ్మ పెట్టెలో ఉండదు. పైన ఉన్నది చేయి తిరిగిన చిత్రకారులు రోజుల తరబడి రంగులద్దిన బొమ్మ. లోపల ఉండేవి బూడిద రంగు ప్లాస్టిక్ ఫ్రేములు. కాళ్లొకచోట, చేతులొకచోట, తలకాయలు వేరే చోట అతుక్కుని ఉంటాయి. వాటిని కత్తిరించాలి, గీకాలి, అంటించాలి, ప్రైమర్ కొట్టాలి, అప్పుడు రంగులు. జిగురు ఉండదు, రంగులుండవు, బ్రష్షుండదు. అంటే పెట్టె ధర బియ్యం ధర లాంటిది. పప్పూ ఉప్పూ గ్యాసూ వేరే.

అందుకే మొదటిసారి కొనేవాళ్లు పెద్ద పెట్టె జోలికి పోవద్దు. ఒక చిన్న దళం, చిన్న కటింగ్ ప్లయరు, ప్లాస్టిక్ జిగురు, అయిదారు రంగులు, రెండు బ్రష్షులు చాలు. సన్నగా వెయ్యాలంటే సన్న బ్రష్షే కావాలని పిల్లలు వాదిస్తారు. నిజానికి కాస్త లావు బ్రష్షయినా మొన దేరి ఉంటే చాలు. మరీ సన్న బ్రష్షు పట్టుకునే రంగెంత? అది బొమ్మదాకా వెళ్లేలోపే ఆరిపోతుంది. ముగ్గు చేతివేళ్లతో వేసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక బొమ్మని చూడడం. మా అత్తగారు తెనాలి నుంచి వచ్చి ఆరునెలలున్నప్పుడు ఒకరోజు మనవడి బల్ల దగ్గర కూర్చుని ఒక సైనికుణ్ణి చేతిలోకి తీసుకున్నారు. కళ్లజోడు సర్దుకుని అటూ ఇటూ తిప్పి, "కాళ్లు మరీ సన్నంగా ఉన్నాయిరా నాన్నా, నిలబడతాడా వీడు?" అన్నారు. వాడు నవ్వాడు గాని, వీటిని కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. చూసే బొమ్మ వేరు, ఆడే బొమ్మ వేరు. ఒంటికాలి మీద గాలిలోకి ఎగురుతూ, వెంట్రుకంత సన్నని ఈటె ముందుకి చాచినవాడు అద్దాల బీరువాలో బాగుంటాడు. సంచిలో వేసుకుని వారం వారం క్లబ్బుకి తీసుకెళితే రెండో వారానికే ఈటె విరుగుతుంది.

రెండోది అతుకులు. కొండపల్లి బొమ్మ తెలిసిన వాళ్లకి ఇది తేలిక. తెల్ల పొణికి చెక్కతో భాగాలు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతుకు కనబడకుండా పూడుస్తారు కదా. ఇక్కడా అదే విద్య, ముద్ద మారిందంతే. మంచి బొమ్మలో అతుకు నడుం పట్టీ కిందో, భుజం కవచం చాటునో పడుతుంది. సరిగా ఆలోచించి చెయ్యనిదైతే సరిగ్గా మొహం మధ్యలోనో, వీపు నడిమధ్యనో పడుతుంది. ఆ సందులు పూడ్చి, గరుకు కాగితంతో రుద్దేసరికి పిల్లాడి ఓపిక అయిపోతుంది. ఫ్రేముల ఫొటో ఎక్కడైనా దొరికితే కొనేముందు అది చూడండి, రంగులేసిన ఫొటో కాదు. అచ్చు రెండు సగాలూ కలిసిన చోట బొమ్మ పొడవునా సన్నటి గీత ఒకటి పడుతుంది. అది మొహం మీదుగా వెళ్లిందా, పక్కనుంచి వెళ్లిందా చూడండి. పక్కనుంచి వెళితే చాకు వీపుతో గీకేస్తే పోతుంది. మొహం మీద గీకితే ముక్కు పోతుంది.

మూడోది దేంతో చేశారన్నది. మామూలు ప్లాస్టిక్ పిల్లలకి మంచిది. దాని జిగురు ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి రెండు ముక్కల్నీ ఒకటి చేసేస్తుంది, ఆరాక ఊడదు. రెజిన్‌కీ లోహానికీ ఆ జిగురు పనిచెయ్యదు, సూపర్ గ్లూ కావాలి. రెజిన్ బొమ్మల్ని ముందు సబ్బునీళ్లతో కడగాలి, లేకపోతే పైన అచ్చు జిడ్డుండి రంగు పట్టదు. ఈటె వంగి వస్తే వేడినీళ్లలో ముంచి, సరిచేసి, చన్నీళ్లలో పెడితే అలాగే నిలుస్తుంది. కాని దాన్ని రుద్దినప్పుడు లేచే పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిపి రుద్దాలి, మూతికి మాస్కుండాలి. ఇప్పుడు ఇళ్లలోనే త్రీడీ ప్రింటర్ పెట్టి చవగ్గా బొమ్మలు తీసి ఇచ్చేవాళ్లున్నారు. బొమ్మలు బాగానే ఉంటాయి. ఆ యంత్రాన్ని మనింట్లో పెట్టుకుందామంటే మాత్రం నేను ఒప్పుకోను. గట్టిపడని రెజిన్ ఒంటికి తగలకూడదు, గదికి గాలి ఆడాలి. పడగ్గదే ఆటగది అయిన మాలాంటి ఇళ్లకి అది సరిపడదు.

ధర దగ్గరికొస్తే, పెట్టె ధర చూడకండి, లోపల ఎంతమందో లెక్కేసి తలకెంతో చూడండి. ఈ ఊహాలోకం ఆటల్లో ఒక్క నాయకుడి బొమ్మ పాతిక పౌండ్ల దాకా పలుకుతుంది, పదిమంది సైనికుల పెట్టె దానికి ఇంకో పదో పదిహేనో ఎక్కువ. అదే నెపోలియన్ కాలపు సైనికులైతే ఆ పాతికకే ముప్ఫైమందికి పైగా వచ్చే పెట్టెలున్నాయి. ఎందుకంత తేడా? నెపోలియన్ సైన్యం కోటు ఏ కంపెనీ సొత్తూ కాదు. ఎవరైనా అచ్చు పోసుకోవచ్చు, పోటీ ఉంటుంది. ఊహించి పుట్టించిన లోకం మాత్రం పుట్టించినవాడిది. ఆ కవచం, ఆ గుర్తు ఇంకొకరు చెయ్యడానికి లేదు. పిల్లాడికి చరిత్ర మీద ఇష్టం ఉంటే అటు తిప్పడం నా దృష్టిలో తెలివైన పని. లేకపోతే బలవంతం చెయ్యకండి. పక్కింటి పిల్లలంతా ఒక ఆట ఆడుతుంటే మనవాడొక్కడే వాటర్లూ పరుచుకుని కూర్చుంటే ఎవరితో ఆడతాడు?

నియమాల పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. మావాడి ఆటకి 2017లో కొత్త నియమాలొచ్చాయి, 2020లో మళ్లీ మారాయి, 2023లో మళ్లీ. పాత పుస్తకం అలమరలోకి వెళ్లిపోతుంది, బొమ్మ మాత్రం బల్ల మీదే ఉంటుంది. కాబట్టి ఈ నెల ఏ సైన్యం గెలుస్తోందో చూసి కొంటే ఆ గెలుపు వచ్చే మార్పుదాకానే. నేను వాణ్ణి ఒకటే అడుగుతాను. "ఇది ఓడిపోయినా నీకు నచ్చుతుందా?" వాడు ఆలోచనలో పడితే ఆ పెట్టె అక్కడే పెట్టించేస్తాను.

ఇక్కడ నాకూ మా ఆయనకీ పడనిది ఒకటుంది. "మేథ్స్‌లో ఇన్ని మార్కులొస్తే పెద్ద పెట్టె కొనిస్తా" అనడం ఆయన అలవాటు. మనవాళ్ల నాన్నలందరిదీ అనుకోండి. నాకది ససేమిరా నచ్చదు. మార్కులకి వచ్చిన పెట్టె మంచం కిందికి చేరుతుంది, తెరవబడదు. వాడి స్నేహితుల ఇళ్లలో అలాంటివి గుట్టలుగా చూశాను. ఈ ఆటగాళ్లే దానికి సిగ్గుల గుట్ట అని పేరు పెట్టుకున్నారు, ఇక చూడండి. బొమ్మ విలువ కొన్నరోజు తేలదు, రంగు పూర్తయిన రోజు తేలుతుంది. మా ఇంట్లో లెక్క ఇది: కిందటి పెట్టెలో ఆఖరివాడికి బూట్లు నల్లబడేదాకా కొత్త పెట్టె రాదు. మార్కులు నూటికి నూరొచ్చినా సరే. మా ఆయన గొణుగుతారు, కాని మంచం కింద ఊడవడానికి మా ఇంట్లో అడ్డమేమీ లేదు.

పాతవి కొనడంలో నాకు భలే ఇష్టం, బేరం ఉంటుంది కదా. ఎవరో విసుగెత్తి అమ్మేసిన సైన్యం సగం ధరకి దొరుకుతుంది. అడగాల్సిందొకటే, ఏ జిగురుతో అంటించారని. సూపర్ గ్లూ అయితే విడదీసి మళ్లీ కట్టుకోవచ్చు. ప్లాస్టిక్ జిగురైతే ఎలా ఉన్నవాడు అలాగే ఉంటాడు. లావుగా పూసిన రంగుకి భయపడకండి. ఇక్కడివాళ్లు డెట్టాల్‌తో ఊడదీస్తారు. నీళ్లు కలపని డెట్టాల్‌లో మూతపెట్టి ఒకరోజు నానబెట్టి, చేతులకి గ్లవుజులు వేసుకుని పాత టూత్‌బ్రష్షుతో రుద్దాలి. రుద్దడం పూర్తయ్యేదాకా నీళ్లు తగలనివ్వకండి, తగిలితే రంగంతా జిగటముద్దవుతుంది. ప్లాస్టిక్‌కీ లోహానికీ ఇది చాలు, రెజిన్‌కి మాత్రం వద్దు. బాగా పాత లోహం బొమ్మల్లో సీసం ఉండేది, ఇంట్లో నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే అవి కొననే వద్దు. బొమ్మల అడుగున అంటించే చిన్న అయస్కాంతాలూ అంతే. అవి రెండు కడుపులోకి పోతే పేగుల్ని పట్టేసి ప్రాణం మీదికి తెస్తాయి. మా మేనకోడలు రెండేళ్ల పాపతో వస్తోందంటే అయస్కాంతాల డబ్బా మొదట అటక ఎక్కుతుంది.

పెట్టెకంటే పక్క సరంజామాలోనే డబ్బు ఎక్కువ పోతుంది, అక్కడే మన చేయి పనికొస్తుంది. రంగులు ఆరకుండా ఉంచే తడి పళ్లెం అని ఒకటి అమ్ముతారు. టిఫిన్ డబ్బాలో తడి స్పాంజి పెట్టి, మీద బేకింగ్ పేపరు పరిస్తే అదే ఇది. సైనికుడి కాళ్ల దగ్గర నేలకి జల్లెడ పట్టిన ఇసుక, ఎండు ఆకులకి వడగట్టి బాగా ఎండబెట్టిన టీ పొడి. కూలిన గోడలకి పార్సిల్లో వచ్చే ఫోము. మోసుకెళ్లడానికి ఫోము అరలున్న సంచులు ఖరీదు, అడుగున అయస్కాంతాలున్న బొమ్మలు పాత బిస్కెట్ల రేకు డబ్బాలో కదలకుండా నిలబడతాయి. రంగులు, ప్లయరు మాత్రం మంచివే కొనండి, అక్కడ పొదుపు చెయ్యకండి.

మా ఆడపడుచు ఫోన్లో, "అన్నీ పుర్రెలూ తుపాకులే వదినా, పిల్లాడికి యుద్ధం ఎందుకు నేర్పుతున్నారు?" అంటుంది. ఆమె భయం ఊరికే కొట్టిపారెయ్యలేను. పుర్రెలు నాకూ నచ్చవు. కాని పల్నాటి యుద్ధం, భారతం చెప్పి పెంచిన వాళ్లమే మనమూ. హెచ్.జి. వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1913లో లిటిల్ వార్స్ అని బొమ్మ సైనికుల ఆట మీద పుస్తకమే రాశాడు. అసలు యుద్ధం కంటే ఈ బొమ్మల యుద్ధమే మేలు కదా అన్నది అందులో ఆయన వాదన. మరుసటేడే అసలు యుద్ధం వచ్చిపడింది. మావాడు మూడు సాయంత్రాలు కూర్చుని రంగులేసినవాణ్ణి ఒక్క పాచిక తీసేస్తుంది. వాడు బొమ్మని పక్కన పెట్టి, అవతలివాళ్లకి చెయ్యి కలిపి వస్తాడు. ఈ దేశం వచ్చిన కొత్తలో స్కూల్లో నోరు విప్పేవాడు కాదు. ఇప్పుడు గురువారం క్లబ్బులో రిటైరైన బస్సు డ్రైవరు తాతతో రెండున్నర గంటలు నియమాల మీద వాదిస్తాడు. పెట్టె ధరలో నేను ఇదీ కలిపే లెక్కేస్తాను.

అన్నట్టు, ఆ వెల్స్‌గారు తన పుస్తకం పేరులోనే ఆడపిల్లలకీ చోటిచ్చాడు, కాని తెలివైనవాళ్లకేనట! మగపిల్లలకి ఆ షరతేమీ లేదు మరి. మా పదేళ్ల అమ్మాయికి ఆట అక్కర్లేదు, రంగులే కావాలి. అన్నయ్య సైనికుల మొహాలన్నీ ఇప్పుడు అదే వేస్తోంది. మొహానికి ఇరవై పెన్నీలు పుచ్చుకుంటుంది, కళ్లు కూడా వెయ్యాలంటే ముప్ఫై.