గాజులు ఎవరికి అవమానం?

పని చేయని అధికారికి గాజులూ చీరా పంపి నిరసన తెలపడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న అలవాటు. రాజకీయ పార్టీలు ఆ పని చేస్తే ఆశ్చర్యం లేదు. మహిళా సంఘాలు కూడా చేస్తున్నాయి గనకే ఈ నాలుగు మాటలు.

వరకట్న హత్య కేసులో పోలీసులు కదలడం లేదని జరిగిన ఒక ధర్నాలో నేనూ కూర్చున్నాను. చివర్లో గాజుల పళ్లెం బయటికి వచ్చింది. ‘ఇవి తొడుక్కుని ఇంట్లో కూచో’ అని నినాదాలు మొదలయ్యాయి. ఆ పళ్లెం పట్టుకున్న చేతులకూ గాజులున్నాయి. చనిపోయిన పిల్ల తల్లిని వెంటబెట్టుకుని మూడు రోజులుగా స్టేషన్‌కూ ఆస్పత్రికీ తిరిగింది ఆ చేతులవాళ్లే. మరి గాజులు చేతకానితనానికి గుర్తు ఎట్లా అయ్యాయి?

ఆడదంటే పిరికిది, ఆమె చోటు ఇల్లే అన్న పితృస్వామ్య భావన ఆ పళ్లెంలో ఉంది. భర్త పోతే గాజులు పగలగొట్టే ఆచారాన్ని ఎదిరిస్తూ, రోడ్డు మీద ఆ గాజుల్నే తిట్టుగా వాడితే మన మాట మనకే అడ్డం తిరుగుతుంది.

ప్రతీకలు వద్దని కాదు. అర్జెంటీనాలో సైనిక ప్రభుత్వం మాయం చేసిన బిడ్డల కోసం 1977 ఏప్రిల్‌లో తల్లులు ప్లాజా డి మాయో కూడలికి చేరారు. గుంపుగా నిలబడకూడదని పోలీసులంటే చుట్టూ నడిచారు. అక్టోబరులో ఒక తీర్థయాత్రలో ఒకరినొకరు గుర్తుపట్టడానికి పిల్లల పొత్తిగుడ్డలు తలకు కట్టుకున్నారు. ఆ తెల్లగుడ్డ ఎవరినీ కించపరచలేదు. బిడ్డలేరని మాత్రమే అడిగింది.

మన సారా వ్యతిరేక ఉద్యమమూ అంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట పేరు రాష్ట్రమంతా మోగింది. అక్షరాస్యత వాచకంలో పాఠం చదువుకున్న స్త్రీలు చీపురు, కారం పట్టుకుని సారా కొట్లు మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. చీపురు పట్టిన ఫొటోలు మాత్రం ఈనాటికీ అచ్చవుతున్నాయి. డిమాండ్ జారిపోయాక ప్రతీక బొమ్మగా మిగులుతుందని ఇక్కడ మనం నేర్చుకోవాలి.

గాజులైతేనే పత్రికలవాళ్లు ఫొటో వేస్తారని కొందరు మిత్రులు అంటారు. నిజమే. కాని మర్నాటి వార్తలో అధికారికి జరిగిన అవమానం పైన ఉంటుంది, ఆ పిల్ల చావు ఆఖరి వాక్యంలో ఉంటుంది.

ఈసారి పళ్లెం బదులు ఒక అట్ట తీసుకెళదాం. ఫిర్యాదు ఇచ్చిన తేదీ, ఆనాటికి గడిచిన రోజులు, చేయని అరెస్టులు దాని మీద పెద్ద అక్షరాలతో రాద్దాం. అధికారి జవాబు చెప్పాల్సింది వాటికి. మీ సంఘాల్లో ఈ విషయం చర్చించి, ఏమనుకున్నారో మాకు రాయండి.