కెవిన్ స్మిత్ హాస్యము – వివేకమా, వట్టి సందడియా?

గతమాసమున ఈ శీర్షిక క్రింద పిల్లలచేత పద్యములు బిగ్గరగా చదివించుటను గూర్చి వ్రాసితిమి. ఈ మాసపు విషయము మాకే కొంత వింతగా నున్నది. సంక్రాంతి నాలుగు దినములును మా యింట అమెరికాదేశపు హాస్యచిత్ర దర్శకుడొకనిని గూర్చి వాదము జరిగెను. తీర్పు చెప్పుమని ఉభయపక్షములవారును మమ్ము కోరిరి. వినకుండ తీర్పు చెప్పుట అధర్మము గాన ఆ చిత్రములను చూచితిమి. చూచిన పిదప ఊరకుండుట మాకు సాధ్యము కాలేదు.

మా మరిది న్యూజెర్సీ రాష్ట్రములోని ఎడిసనులో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ ప్రాంతమున తెలుగు కుటుంబములు పెక్కులున్న సంగతి మీలో పలువురకు తెలిసినదే. పండుగకు వచ్చినవాడు మాతో, "వదినా, మా పక్క జిల్లాలో ఒక చిన్న ఊరి కొట్టులో గుమాస్తాగా ఉన్న కుర్రవాడు ఆ కొట్టులోనే సినిమా తీసి పేరు తెచ్చుకున్నాడు. మనుషుల్ని అంతగా చదివినవాడు మరొకడు లేడు," అనెను. మావారు బడిపంతులు. రెండు నిమిషములు చూచి లేచి, "ఇది బూతుల పంచాంగం. నువ్వు దీనికి వేదాంతమని పేరు పెట్టావు," అని వార్తాపత్రిక చేతబట్టిరి. "మీరు విననే లేదన్నయ్యా," అని మరిది. పిమ్మట ఇద్దరును మా వైపు చూచిరి.

ఆ దర్శకుని పేరు కెవిన్ స్మిత్. 1970లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. లియొనార్డో అను నూరిలోని క్విక్ స్టాప్ అను అంగడిలో పనిచేయుచు, 1993లో రాత్రులు అంగడి మూసిన పిమ్మట అక్కడనే 'క్లర్క్స్' అను తన మొదటి చిత్రమును తీసెను. దానికైన వ్యయము సుమారు 27,575 డాలర్లు. క్రెడిట్ కార్డులపై చేసిన అప్పు కొంత, తాను కూడబెట్టుకొన్న బొమ్మకథల పుస్తకములను అమ్మగా వచ్చినది కొంత. చిత్రము నలుపు తెలుపులలో నున్నది. రాత్రి తీసినది పగటివలె నమ్మింపవలెను గదా! అందుకై, ఎవరో తాళపు రంధ్రములలో చ్యూయింగ్ గమ్ము దూర్చుటవలన ఇనుప తలుపులు లేవలేదని కథలో నొక మాట కల్పించెను. ఇల్లాండ్రమైన మనకు ఈ నేర్పు నచ్చకమానదు. లేమిని బయటపెట్టక, ఉన్నదానితో పండుగ గడుపుట మనకు నిత్యాభ్యాసమే కదా.

1994లో సండాన్స్ చిత్రోత్సవమున ఆ చిత్రము బహుమానము పొందెను. ముప్పది లక్షల డాలర్లకు పైగా ఆర్జించెను. 2019లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికయందు భద్రపరుపదగిన చిత్రముగా చేర్చబడెను. కావున ఆతనిని మెచ్చువారు మా మరిదివంటి కుర్రవారు మాత్రమే కారు.

ఇక కథ. డాంటే అను 22 ఏండ్ల యువకుడు సెలవు దినమున అంగడికి పిలువబడును. ఈ దినము తా నిక్కడ ఉండవలసినవాడే కాడని ప్రొద్దుటినుండి రాత్రివరకు వాపోవుచుండును. ప్రక్కనున్న వీడియో అంగడిలో పనిచేయు రాండల్ అను మిత్రుడు, తన బేరగాండ్రను గాలికి వదలి వచ్చి ఇతనితో ముచ్చటలాడుచుండును. ఒక దినము, ఇద్దరు మిత్రులు, అంతులేని మాటలు. ఆ మాటలలో బూతు నిండియున్న మాట నిజము. దృశ్యములవలన గాక, కేవలము సంభాషణలవలననే ఆ చిత్రమునకు తొలుత పిల్లలను లోనికి రానీయని కఠినమైన ముద్ర వేసిరి. అప్పీలు చేసిన పిమ్మట దానిని సడలించిరి. మా మరిది ప్రక్కన కూర్చుండి తెలుగున అర్థము చెప్పుచు, వదినకు చెప్పరానిచోట దగ్గుచుండెను. మొదటి అరగంటలో మేము విన్నది దగ్గే ఎక్కువ.

మొదట మావారి ఆక్షేపణకు మా యుత్తరము చెప్పెదము. బూతున్నది గనుక విలువ లేదనుట మన సాహిత్యమున చెల్లదు. మా తండ్రిగారు మాకు క్రీడాభిరామమును ఏరి ఏరి చెప్పిరి. తక్కినది పెండ్లియైన పిమ్మట మేమే చదువుకొంటిమి. అందును కథ ఇట్టిదే గదా. మంచన శర్మయు, టిట్టిభసెట్టియు ఒక దినము ఓరుగంటి వీధులలో తిరుగుచు కంటబడినదాని నెల్ల మాటలాడుకొందురు. దాని కర్త శ్రీనాథుడా, వినుకొండ వల్లభరాయడా యని పండితులు వాదించుకొనిరి. శృంగారము హద్దుమీరినదని నిందించినవారును కలరు. అయినను ఆ కాలపు పూటకూటి యిల్లు, కోడిపందెము, వీధి వినోదము ఎట్లుండెనో తెలిసికొనగోరు చరిత్రకారులు ఆ పొత్తమునే తెరతురు. బూతు దోషమే కావచ్చును. అంతమాత్రమున కవికి చూపు లేదనరాదు.

అయితే ఈ న్యాయము రెండువైపులను కోయును. బూతున్నంతమాత్రమున చూపున్నదనియు చెప్పరాదు. దాపరికము లేకుండ మాటలాడువాడెల్ల లోతు నెరిగినవాడని తలచుట ఈ దర్శకుని అభిమానులలో పలువురకు గల భ్రమ. ఈ మాట మరిదికి చెప్పగా, ఈసారి దగ్గు లేకుండనే ఊరకుండెను.

మరి స్మిత్ చూపు ఎక్కడ నిజమైనది? అంగడిబల్ల వెనుక. ఇది మేము వట్టి ఊహతో చెప్పుట లేదు. మా తండ్రిగారికి కిరాణాకొట్టు ఉండెడిది. సాయంకాలము బేరము తగ్గిన వేళ ఆ కొట్టులోనే మాకు భారతము, మనుచరిత్రము చెప్పిరి. వారు మంచమెక్కినపుడు మా యన్నగారు రెండేండ్లకని చదువు మాని కొట్టుపై కూర్చుండిరి. ఆ రెండేండ్లు పదునెనిమిదేండ్లైనవి. "ఈ కొట్టే లేకపోతే నేను ఎక్కడో ఉండేవాణ్ణి," అని వారు పలుకని దినము లేదు. నడుమ కొట్టు నప్పగించుటకు అవకాశములు వచ్చినవి, పోయినవి. వారు లేవలేదు.

క్లర్క్స్ చిత్రము చివర, ఇద్దరు మిత్రులును కలియబడి అలసిన పిమ్మట, రాండల్ డాంటేకు నిజము చెప్పును. నిన్నిక్కడ ఎవరును కట్టివేయలేదనియు, నీవు లేనిదే అంగడి నడువదను గొప్పతనము నీకు నీవే తగిలించుకొన్నావనియు, వచ్చిపోవు బేరగాండ్రకంటె మన మెక్కువయని నటించుచున్నామనియు ఆ మాటల సారము. నాట్యశాస్త్రము నవ్వును స్మితము మొదలు అతిహసితమువరకు ఆరు విధములుగా చెప్పినది. ఈ చిత్రమున పొట్ట పట్టుకొని నవ్వు చివరి విధములే ఎక్కువ. కాని ఈ ఘట్టమున మాకు ఏ నవ్వును రాలేదు. ఇట్లు చెప్పగల మిత్రుడు మా యన్నగారికి ఒక్కడు లేకపోయెనే యనిపించెను. తన్ను తాను జాలిపడుటలో మనుష్యుడు ఎంత హాయిగా కాపురముండునో ఆ యువ దర్శకుడు ఎరిగినాడు. ఇది వివేకమే.

ఇక అంగడిబల్లకు ఆవలివైపు చూతము. డాంటేకు వెరోనికా యను ప్రియురాలు కలదు. ఆమె లజానియా యను వంటకమును, అనగా పిండిరేకుల నడుమ మాంసము, జున్ను పొరలుగా పేర్చి కాల్చినదానిని, పనిచోటికి తెచ్చియిచ్చును. చదువు మరల మొదలుపెట్టుమని పోరును. అతడు ఆమె గతమును విని మండిపడును. పైగా విడిచిపోయిన మరియొక స్త్రీకై మనసులో పొరలాడుచుండును. స్మిత్ తానే ఈ చిత్రములలో సైలెంట్ బాబ్ అను మౌనిగా కనబడును. చిత్రమంతయు ఊరకుండి ఒక్కసారి నోరు తెరచి, లోకమున అందగత్తెలకు కొదువలేదు గాని పనిచోటికి భోజనము తెచ్చిపెట్టువారు అందరును కారని డాంటేకు బుద్ధి చెప్పును.

మరిది ఇక్కడ చిత్రమును ఆపి, "చూశారా వదినా! ఆడవాళ్ల విలువ తెలిసినవాడు," అనెను.

"తెలిసినది. కాని తిన్నవానికి ఆమె ఎంత విలువయో అంతవరకే తెలిసినది," అంటిమి.

1997లో తీసిన 'చేజింగ్ ఏమీ' యందు ఆతడు మరియొక అడుగు ముందునకు వేసెను. స్త్రీలనే ప్రేమించుచుండిన ఆలిస్సా యను చిత్రకారిణి హోల్డెన్ అను వానిని ప్రేమించును. అతడు ఆమె గతమును తలచి తలచి ఆ ప్రేమను చేజేతుల చెరుపుకొనును. ఆ కథకు మూలము తన సొంత అసూయయేయని స్మిత్ స్వయముగా చెప్పియున్నాడు. తన రోగమును తానే తెరపై నెక్కించుట చిన్న ధైర్యము కాదు. క్లర్క్స్‌లో నవ్వులాటగా పోయిన డాంటే అసూయ ఇక్కడ నేరముగా నిలుచును. ఆలిస్సాకు తన బాధను ముఖాముఖి చెప్పుటకు నోరును ఇచ్చెను. అయినను కథ ఎవరిది? హోల్డెనుదే. అట్టి స్త్రీ పురుషుని వలన మనసు మార్చుకొనుట పురుషుల కోరికకు తగిన కల్పనయని ఆక్షేపించినవారి మాటలోను న్యాయమున్నది.

1999లో 'డాగ్మా' చిత్రమున దేవుని స్త్రీగా చూపెను. అలానిస్ మోరిసెట్ అను గాయని ఆ పాత్ర ధరించెను. అక్కడి కాథలిక్కులు కొందరు బొమ్మశాలల ముందు నిరసన తెలిపిరి. స్మిత్ తానును ఒక అట్ట చేతబట్టి ఆ గుంపులో నిలబడి తన చిత్రమునకే నిరసన తెలిపెనట! అమ్మవారికి పొంగలి పెట్టు ఇండ్లలో పెరిగిన మనకు స్త్రీరూపమున దేవుడు వింత కాదు. మాకు వింతయైనది వేరొకటి. ఆ దేవత నోట ఒక్క మాటయు రాదు.

మరియొక సంగతి చెప్పవలెను. క్లర్క్స్ మొదటి కూర్పులో, దొంగ కాల్చగా డాంటే చనిపోవుటతో కథ ముగిసెడిది. పెద్దలు చెప్పగా ఆ ముగింపును తొలగించెను. 2018లో స్మిత్‌కు తీవ్రమైన గుండెపోటు వచ్చి బ్రతికెను. 2022లో 'క్లర్క్స్ 3' తీసెను. అందు రాండల్ గుండెపోటునుండి లేచి, తమ అంగడి బ్రదుకునే చిత్రముగా తీయును. కడపట డాంటే గుండె ఆగి మరణించును. మొదటి చావు ఒక కుర్రవాని కలము కల్పించినది. రెండవది చావు గడప తొక్కి వచ్చినవాడు వ్రాసినది. మేము ఆ చిత్రమున కన్నీరు పెట్టుకొంటిమి. దూరముగా కూర్చుండిన మావారును పత్రిక ప్రక్కన పెట్టిరి. నడుమ తీసిన చిత్రములలో పలుచనివి కలవు, పాత పరిహాసములనే మరల మరల వడ్డించినవి కలవు. అభిమానులు వానినికూడ నెత్తికెత్తుకొనుట అతిశయమే. కాని తాను నిలబడిన నేలపై నిలబడి మాటలాడినపుడు ఆతడు అబద్ధమాడలేదు.

పండుగ వెళ్లిన పిమ్మట పుట్టినింటికి పోయి మా యన్నగారి భార్యకు ఈ కథ చెప్పితిమి. పదునెనిమిదేండ్లుగా మధ్యాహ్నము ఒంటిగంటకు క్యారియరు చేతబట్టి కొట్టుకు నడచినది ఆమెయే. గిన్నెలు తొలుచుచు అంతయు విని, "తరవాత ఆ పిల్ల ఏమైంది?" అని యడిగెను.

మేము చెప్పలేకపోతిమి. వెరోనికా అలిగి అంగడి విడిచి పోవును. మూడవ చిత్రమున కొంతసేపు మరల కనబడును గాని, ఆ కథయు ఆ మిత్రులిద్దరిదే. ఆమె ఏమి కాదలచెనో, తరువాత ఎట్లు బ్రతికెనో మనకు తెలియదు. మా వదినగారు ఒక్క ప్రశ్నతో ఆతని చూపునకు ఎల్ల గీచినది. కావున మా తీర్పిది. స్మిత్ అంగడి లోపలి మనుష్యుని నిజముగా ఎరిగినవాడు. భోజనము తెచ్చిన మనుష్యురాలిని ద్వారమువరకే చూచినవాడు. ఆతనికి చూపు లేదనుట మావారి తొందరపాటు. సర్వమెరిగినవాడనుట మరిది ముచ్చట.

కాని తీర్పు చెప్పినంత సులభముగా మేము తప్పించుకొనలేదు. వదినగారు ఇంటర్మీడియెటు నడుమ చదువు మాని మా యింటికి కోడలుగా వచ్చినవారు. మా యన్నగారి చదువు ఆగినదని ఇంటిల్లిపాది ఇన్నేండ్లు విచారించితిమి. ఆమె చదువు మాట ఎవరమును ఎత్తలేదు. అమెరికా దర్శకుడు అడుగలేదని ఆక్షేపించిన మేమును అడుగలేదు. ఆ సాయంకాలము అడిగితిమి. ఆమె నవ్వి, పుస్తకములు ఇంకను అటకమీదనే యున్నవనెను.

మావారు ఇప్పుడు ఓపెన్ స్కూలు దరఖాస్తు సంగతి కనుగొనుచున్నారు. మా యన్నగారు మొదటి దినము, "కొట్టుకు అన్నం ఎవరు తెస్తారు?" అనిరట. ఇంటికి వచ్చి తినవచ్చునని వదినగారు చెప్పినది. సోదరీమణులారా, మీ యింట అట్టి అటక యున్నయెడల ఒకసారి నిచ్చెన వేసి చూడుడు.