అందరూ తోడుకునే బావికి పూడిక తీసేదెవరు?

మామిడి కాలంలో బనగానపల్లె బస్టాండు దగ్గర బేరం ఇలా సాగుతుంది. బండి మీది బేనిషాన్ కాయలు తూకానికి పడతాయి. కొన్నాయన ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తాడు. బండికి తగిలించిన చిన్న పెట్టె రెండు వందల రూపాయలు అందాయని తెలుగులో చెబుతుంది. ఆ రెండు వందల్లో ఎవరి వాటా ఎంతో బండాయనకు నోటి లెక్క. తోట రైతుకు ఇంత, మండీలో కమీషన్ ఇంత, ఆటో బాడుగ ఇంత, మిగిలింది తనకు.

అయితే ఆ పది సెకన్లలో పని చేసిన కొందరు మాత్రం ఏ లెక్కలోనూ కనపడరు. ఆండ్రాయిడ్ ఫోన్ నడిచేది లినక్స్ మీద. యాప్‌లు చాలావరకు తమ వివరాలు దాచుకునేది ఎస్‌క్యూలైట్‌లో. డబ్బు సమాచారం దారిలో ఎవరి కంటా పడకుండా తాళం వేసే పనికి ప్రపంచంలో లెక్కలేనన్ని సర్వర్లు ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్ వాడతాయి. ఇవన్నీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లు. అంటే వాటి కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు, తమ వ్యాపారంలో పెట్టుకుని సంపాదించుకోవచ్చు. పైసా కట్టనక్కర్లేదు.

రాసి వదిలేస్తే సాఫ్ట్‌వేర్ నడవదు. కొత్త ఫోన్లు వస్తాయి, కొత్త లోపాలు బయటపడతాయి, కొత్త దొంగలూ పుడతారు. రోజూ ఫిర్యాదులు చదివి, తప్పులు దిద్ది, ఎవరు పంపిన మార్పు మంచిదో ఎవరిది కాదో చూసే మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషినే మెయింటెయినర్ అంటారు. పెద్ద ప్రాజెక్టులకు కంపెనీల జీతగాళ్లు ఉన్నారు. లినక్స్ కెర్నెల్ పనిలో ఎక్కువ భాగం ఇప్పుడు జీతం తీసుకునే ఇంజనీర్లే చేస్తున్నారు. కష్టమంతా కిందున్న చిన్న ప్రాజెక్టులది. టైడ్‌లిఫ్ట్ సంస్థ 2024 సర్వేలో జవాబిచ్చిన మెయింటెయినర్లలో 60 శాతం మంది తమకు ఈ పనికి డబ్బేమీ రాదని చెప్పారు.

మన అక్షరాల వెనక ఎవరున్నారు?

ఇది ఎక్కడో అమెరికా గొడవ అనుకోవద్దు. ఉర్దూ, తెలుగు రెండూ చదివే ఇళ్లలో ఇది మరీ దగ్గరి విషయం. తెలుగులో ఒత్తు కిందికి దిగాలి, గుణింతం పైకి ఎక్కాలి. ఉర్దూ నస్తాలీఖ్‌లో అక్షరాలు ఒకదాన్నొకటి పట్టుకుని ఏటవాలుగా జారాలి. ఆండ్రాయిడ్‌లో, క్రోమ్‌లో, ఫైర్‌ఫాక్స్‌లో ఈ రెండు పనులూ చేసేది ఒకటే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని పేరు హర్ఫ్‌బజ్. ఉర్దూ తెలిసినవారికి పేరులోనే అర్థం తెలిసిపోతుంది: హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఇరాన్‌లో పుట్టిన బెహదాద్ ఇస్ఫహబోద్ దీన్ని ఏళ్ల తరబడి నడిపించారు. రెడ్‌హ్యాట్, గూగుల్, ఫేస్‌బుక్‌లలో ఆయన జీతానికి పనిచేశారు గనుక ఇది కాస్త అదృష్టం ఉన్న ప్రాజెక్టు.

తెలుగులో అంత అదృష్టం లేని పనులే ఎక్కువ. యూనికోడ్ రాకముందు ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఒక కంప్యూటర్‌లో రాసింది ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి గీతల్లా కనపడేది. ఆ చిక్కు విప్పడానికి వెన్న నాగార్జున 'పద్మ' తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియాకు అంకురం వేసింది కూడా ఆయనే. ఇంగ్లిష్ కీబోర్డు మీద తెలుగు రాయడానికి వీవెన్ 'లేఖిని' తెచ్చారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లు తయారుచేసి అందరికీ వదిలేశారు. తర్వాత సిలికానాంధ్ర తరఫున పురుషోత్ కుమార్ గుత్తుల పనితో రామరాజ, మండలి, ధూర్జటి, సురవరం వంటి ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. నేడు అవి గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. పెళ్లి పత్రిక వేసే ప్రెస్ నుంచి పెద్ద టీవీ ఛానల్ దాకా ఎవరికీ అడ్డు లేదు.

ఖురాన్ యాప్‌ల సంగతీ అంతే. 2007లో మొదలైన తంజీల్ ప్రాజెక్టు ఖురాన్ అరబీ పాఠాన్ని యూనికోడ్‌లో పదేపదే సరిచూసి ఉచితంగా పెట్టింది. షరతు ఒక్కటే: పాఠాన్ని మార్చకూడదు, ఎక్కడి నుంచి తీసుకున్నారో చెప్పాలి. అనేక యాప్‌లు, వెబ్‌సైట్లు ఆ పాఠం మీదే నిలబడ్డాయి. ఉదయం ఫజర్ తర్వాత ఫోన్‌లో తిలావత్ చేసే వారిలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

లెక్కల పుస్తకంలో సున్నా

నాపరాళ్ల గనిలో పనిచేసే కూలి సాయంత్రానికి లెక్క కట్టించుకుంటాడు. కూలి ఎగ్గొడితే పదిమందీ అడుగుతారు. ఓపెన్ సోర్స్‌లో అలా అడగడానికి కాగితం లేదు. కంపెనీ పద్దుల్లో కరెంటు బిల్లు ఉంటుంది, ఆఫీసు అద్దె ఉంటుంది, యంత్రాలకు ఏటా తరుగుదల ఉంటుంది. ఉచితంగా తెచ్చుకున్న కోడ్ ఖరీదు సున్నా. ఖరీదు సున్నా గనుక తరుగుదలా సున్నా, మరమ్మతు పద్దూ సున్నా. వస్తువు మాత్రం రోజూ అరుగుతూనే ఉంటుంది.

ఆ సున్నా అసలు విలువ ఎంతో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ నుంచి 2024లో వచ్చిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఎక్కువగా వాడే ఓపెన్ సోర్స్ కోడ్‌ను ఒక్కసారి మళ్లీ రాయించాలంటే అయ్యే ఖర్చు సుమారు 415 కోట్ల డాలర్లు. వాడే ప్రతి కంపెనీ తనకు తానే రాయించుకోవాల్సి వస్తే అది 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఓపెన్ సోర్స్ లేకపోతే కంపెనీలు సాఫ్ట్‌వేర్ మీద ఇప్పటికి మూడున్నర రెట్లు ఖర్చు పెట్టాల్సి వస్తుందని ఆ అంచనా. ఈ రెండు అంకెల మధ్య ఉన్నదే కంపెనీలకు మిగిలిన సొమ్ము.

మరమ్మతు లేకపోతే ఏమవుతుంది?

2014 ఏప్రిల్‌లో ఓపెన్ ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడింది. సర్వర్ మెమరీలోని రహస్యాలు బయటివాళ్లు లాగేసుకునే వీలుంది. అప్పటికి ప్రపంచం సగం తాళాలు చేసే ఆ ప్రాజెక్టుకు ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2 వేల డాలర్లు. గొడవ అయ్యాక గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ వంటివి కలిసి నిధి పెట్టాయి. 2021 డిసెంబర్‌లో లాగ్4జె వంతు వచ్చింది. కొద్దిమంది వలంటీర్లు చూసుకునే ఆ కోడ్‌లో లోపం బయటపడగానే బ్యాంకులు, ప్రభుత్వాలు, పెద్ద పెద్ద కంపెనీలు రాత్రింబవళ్లు తమ సర్వర్లు వెతుక్కున్నాయి.

అన్నిటికన్నా భయపెట్టింది 2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్‌ను ఫిన్లాండ్‌కు చెందిన లాస్సె కాలిన్ ఎన్నో ఏళ్లుగా జీతం లేకుండా చూసుకుంటున్నారు. పని నెమ్మదిగా సాగుతోందని 2022లో కొన్ని పేర్ల నుంచి ఒత్తిడి మొదలైంది. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని గుర్తుంచుకోవాలని ఆయన చెప్పుకున్నారు. అదే సమయంలో 'జియా టాన్' అనే పేరుతో ఒకరు ఓపిగ్గా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, తాళాలు చేతికొచ్చాక దొంగదారి పెట్టారు. ఆ పేరు వెనక ఎవరున్నారో నేటికీ బయటపడలేదు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి అది విస్తరించకముందే దొరికింది. అలసిపోయిన ఒక్క మనిషిని ఆసరాగా చేసుకుని ప్రపంచంలోని సర్వర్లలోకి దూరబోయారు.

కంపెనీల మాట, వక్ఫ్ నియమం

కంపెనీల వాదన తేలిగ్గా కొట్టేసేది కాదు. లైసెన్సులోనే ఉచితంగా వాడుకోవచ్చని ఉంది, రాసినవాళ్లే ఇష్టపడి ఇచ్చారు, మేం దొంగతనం చేయలేదు కదా అంటాయి. చట్టం ప్రకారం అది నిజం. కొందరు మెయింటెయినర్లకు ఈ పనివల్లే మంచి ఉద్యోగాలు వచ్చిన మాటా నిజం.

అయితే ముస్లిం కుటుంబాలకు బాగా తెలిసిన ఒక ఏర్పాటును పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకాయన బావి తవ్వించి వక్ఫ్ చేస్తాడు. ఎవరైనా తోడుకోవచ్చు. దాన్ని చూసుకునేందుకు ముతవల్లీ ఉంటాడు. వక్ఫ్ ఆదాయంలో మొదటి ఖర్చు దాని మరమ్మతుకేనని, ఆ తర్వాతే లబ్ధిదారుల వంతు అని హనఫీ ఫిఖహ్ చెబుతుంది. వక్ఫ్ చేసినాయన ఆ షరతు నోటితో చెప్పకపోయినా సరే, ఆస్తి నిలవకపోతే పుణ్యమూ నిలవదు గనుక ఆ షరతు ఉన్నట్టే లెక్క. ముతవల్లీకి తగిన ఉజ్రత్ ఇవ్వడానికీ అడ్డు లేదు.

ఓపెన్ సోర్స్‌లో బావి ఉంది, ముతవల్లీ ఉన్నాడు. మరమ్మతు వాటానే లేదు. కరువు సీమలో ఈ పోలిక విడమరిచి చెప్పనక్కర్లేదు. బిందెతో వచ్చిన ఇంటామె నీళ్లు తీసుకుపోతే ఎవరూ లెక్క అడగరు. రోజుకు ఇరవై ట్యాంకర్లు నింపి అమ్ముకునేవాడు మాత్రం పూడిక తీయడానికి వాటా వేయాలి. నీళ్లు ఉచితమన్న మాట ఆయనకూ వర్తిస్తుంది. బావి ఎండిపోతే ముందు నష్టపోయేదీ ఆయనే.

ఈ పద్ధతి సాధ్యమేనని చూపినవాళ్లు ఉన్నారు. వికీపీడియా చదవడం అందరికీ ఉచితమే. భారీగా, వేగంగా సమాచారం లాగే కంపెనీల కోసం వికీమీడియా 2021లో ఎంటర్‌ప్రైజ్ అనే చెల్లింపు సేవ పెట్టింది. 2022లో గూగుల్ అందులో చేరింది. జర్మనీ ప్రభుత్వం 2022లో ఓపెన్ సోర్స్ మరమ్మతు కోసమే ఒక నిధి మొదలుపెట్టింది. మన దేశంలో బెంగళూరు కంపెనీ జెరోధా 2024 అక్టోబర్‌లో ఏడాదికి 10 లక్షల డాలర్ల నిధి ప్రకటించింది. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లోనే విధానం తెచ్చింది. వాడుకోవాలన్న ఆదేశం పక్కనే మరమ్మతుకు ఇంత అన్న పద్దు కూడా ప్రతి టెండర్‌లో చేరితే ఆ విధానం పూర్తవుతుంది.

మన పిల్లలకు ఏం చెప్పాలి?

నంద్యాల, కర్నూలు, కడప కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు ఇళ్లలో ఉన్నారు. ఉద్యోగం కావాలంటే గిట్‌హబ్‌లో పని చూపించమని వాళ్లకు చెబుతున్నారు. రాత్రి రెండింటి దాకా ఉచితంగా ఎవరి కోసమో ఈ చాకిరీ ఏమిటని అమ్మీ, అబ్బా అడుగుతున్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

నేర్చుకోవడానికి చేసే పని వేరు, బాధ్యత మోసే పని వేరు. నాలుగు తప్పులు దిద్ది పంపడం, తెలుగులోకో ఉర్దూలోకో అనువదించడం చదువులో భాగమే. సమాజానికి పనికొచ్చేది నియ్యత్‌తో ఇస్తే సదఖా జారియా అనుకునేవారూ ఉన్నారు, మంచిదే. కంపెనీ గడువు పెట్టి, ఫలానా తేదీకి కావాలని తొందరపెడితే మాత్రం అది చదువూ కాదు, సదఖా కూడా కాదు. అది ఉద్యోగం, జీతం అడగాలి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్, ఔట్‌రీచీ వంటి కార్యక్రమాలు ఓపెన్ సోర్స్ పనికే స్టైపెండ్ ఇస్తాయి. ఇంటి నుంచే చేయొచ్చు గనుక ఊరు దాటి వెళ్లే వీలు లేని ఆడపిల్లలకూ ఇవి పనికొస్తాయి. ఉచితంగా మొదలుపెట్టే ముందు ఇలాంటి దారి ఉందేమో చూసుకోవడం మేలు.

బస్టాండు దగ్గర ఆ పెట్టె రేపు కూడా తెలుగులో పలుకుతుంది. బండాయన వాటా వేయాల్సిన పని లేదు, ఆయన బిందెతో వచ్చినవాడు. ట్యాంకర్లతో వచ్చినవాళ్లు ఎవరో వాళ్ల వార్షిక నివేదికల్లోనే ఉంది. ఆ నివేదికల్లో మరమ్మతు పద్దు ఎక్కడని వాటాదారులు, ప్రభుత్వాలు, రేపు ఆ కంపెనీల్లో చేరబోయే మన పిల్లలు అడగాలి.